బెల్లం పొయ్యి దగ్గర కెమెరా: డాక్యుమెంటరీ తీసిన నా అనుభవం

డాక్యుమెంటరీ తీద్దామనుకుంటున్న వాళ్లెవరు నాతో మాట్లాడినా ముందు అడిగేది ఏ కెమెరా వాడావనే. దానికి జవాబు రెండు నిమిషాల్లో అయిపోతుంది. దాదాపు రెండేళ్లు నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న వేరే ఉంది. ఈ సినిమాలో మాట్లాడాల్సింది ఎవరు? నేనా, మా మావయ్యా, ఎవరో గంభీరమైన గొంతున్న పెద్దమనిషా? లేక ఎవరూ మాట్లాడకుండా కెమెరా చూస్తూ ఊరుకోవాలా? దీని గురించి పుస్తకాల్లో ఉంటుంది కానీ, డబ్బు, పొగ, చుట్టరికం మధ్యలో అది ఎలా తేలుతుందో ఎవరూ రాయరు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా అమ్మ పుట్టిల్లు అనకాపల్లి పక్కన ఒక పల్లె. మావయ్యకు కొంచెం చెరకు, ఇంకొకాయనతో పొత్తులో గానుగ, బెల్లం పెనం ఉన్నాయి. నేను హైదరాబాద్‌లో ఒక టీవీ చానల్లో ఎడిటింగ్ చేస్తాను. రైతుల మీద వచ్చే స్టోరీలు కొన్ని వందలు నా చేతుల మీదుగా వెళ్లాయి. బీటలువారిన నేల, వయొలిన్ ముక్క, 'అన్నదాత కంట కన్నీరు' అనే గొంతు. ఈ మూడూ లేకుండా ఒక్కటైనా తీయాలన్న పంతం అక్కడే పుట్టింది.

2023 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాప్‌కి వెళ్లాను. శని, ఆదివారాలు. బిల్ నికోల్స్ అనే అమెరికన్ పండితుడు డాక్యుమెంటరీలను ఆరు రకాలుగా విడదీశాడని చెప్పి, సారు బోర్డు మీద ఆరూ రాశారు. వాయిస్ ఓవర్‌తో విషయం విడమరిచి చెప్పేది ఒకటి. కవిత్వంలా లయ మీద నడిచేది ఒకటి. జోక్యం చేసుకోకుండా గమనించే అబ్జర్వేషనల్. తీసేవాళ్లు కూడా తెర మీదికొచ్చి మాట కలిపే పార్టిసిపేటరీ. 'ఇది సినిమా సుమా' అని గుర్తు చేస్తూ తనను తానే ప్రశ్నించుకునేది. తీసేవాళ్ల సొంత జీవితం, ఒంటి మీది అనుభవం మీద నిలబడేది. బోర్డు మీద ఆరూ ఆరు గళ్లలో చక్కగా ఉన్నాయి. నేను మూడో గడి కింద గీత గీసుకుని ఇంటికొచ్చాను.

అక్టోబర్‌లో ఒక సంస్థకు అప్లికేషన్ పెట్టాను. అందులో 'ట్రీట్‌మెంట్' అని ఒక పేజీ రాయాలి. కథ కాదు, కథను ఎలా చూపిస్తారో రాయాలి. 'నరేషన్ ఉండదు, ఇంటర్వ్యూలు ఉండవు, ఒక సీజన్ పాటు పొయ్యి దగ్గరే ఉంటాం' అని రాశాను. ఆరు వారాలకు ఫోన్ వచ్చింది. రెండు లక్షలు, మూడు విడతల్లో ఇస్తామన్నారు. మొదటి విడత ఎనభై వేలు నవంబర్ చివర్లో పడింది. నాకైతే లాటరీ తగిలినట్టే ఉంది. అగ్రిమెంట్‌లో 'సంస్థ సూచనల మేరకు మార్పులు' అన్న ముక్క కనిపించింది కానీ, ఆ సంతోషంలో ఎవరు పట్టించుకుంటారు.

డిసెంబర్ మొదటి వారం షూటింగ్ అనుకున్నాం. సరిగ్గా అప్పుడే మిచౌంగ్ తుఫాను. అది తీరం దాటింది బాపట్ల దగ్గరైనా, మా వైపూ వాన కుమ్మేసింది. బెల్లం వండటానికి కట్టెలు కొనరు. రసం తీశాక మిగిలిన చెరకు పిప్పినే ఎండబెట్టి పొయ్యిలో వేస్తారు. పిప్పి తడిస్తే వంట బంద్. మావయ్య ఫోన్‌లో "రాకండే, ఇక్కడ పొయ్యిలో పిల్లి పడుకుంది" అన్నాడు. కెమెరా అద్దెకిచ్చే అతను అడ్వాన్స్ వెనక్కివ్వలేదు. తుఫానుకు నేనేం చేస్తానమ్మా అన్నాడు. ఎనిమిది వేలు అలా పోయాయి. వాతావరణం మీద ఆధారపడే పని తీసేవాళ్లు అద్దె మాట్లాడుకునేటప్పుడే తేదీ మార్చుకునే వీలు అడిగి, వాట్సాప్‌లో రాయించుకోండి.

2024 జనవరిలో సంక్రాంతికి ముందు వెళ్లాం. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో నేను, కెమెరా చూసే స్నేహితుడు, సౌండ్ చూసే కుర్రాడు, ఆరు సంచులు. వంట తెల్లవారుజామున మూడున్నరకు మొదలవుతుంది. మోటారు వేయగానే గానుగ రోలర్లు తిరుగుతాయి, చెరకు లోపలికి పోతుంది, రసం గొట్టంలోంచి పెనంలోకి వస్తుంది. మొదటి రోజు మాకు పనికొచ్చిన షాట్ ఒక్కటీ రాలేదు. బయట మంచు, లోపల ఆవిరి. బయటి చలిలోంచి కెమెరా తెచ్చి పెనం దగ్గర పెట్టగానే లెన్స్ మసకేసింది. తుడిస్తే మళ్లీ మసక. చివరికి దారి చూపించింది అక్కడ పొయ్యి ఎగదోసే ఆయనే. "ఆ డబ్బా రాత్రే తెచ్చి ఇక్కడ ఎట్టీండి, ఏడెక్కిపోద్ది" అన్నాడు. ఆ రోజు నుంచి కెమెరా సంచి పొయ్యి వెనక గోడవారనే పడుకుంది. ఇంకో సంగతి. రసం ఆవిరిలో తీపి ఉంటుంది. రెండు గంటల్లో లెన్స్ రింగులన్నీ జిగటగా పట్టేస్తాయి. తడిగుడ్డ, పొడిగుడ్డ రెండూ జేబులో ఉండాలి. అద్దె కెమెరా అయితే తిరిగిచ్చేటప్పుడు శుభ్రం చేసిన ఖర్చు మన మీదే వేస్తారు. మాకు పన్నెండు వందలు పడింది.

ఇక అబ్జర్వేషనల్ సంగతి. 1960 ప్రాంతంలో అమెరికాలో భుజాన మోసే పదహారు ఎంఎం కెమెరాలు, వాటితో జతగా నడిచే టేప్ రికార్డర్లు వచ్చాక ఈ పద్ధతి ఊపందుకుంది. రాబర్ట్ డ్రూ, ఆయన బృందం ఎన్నికల ప్రచారంలో కెనడీ వెనకాలే తిరిగి, జరిగింది జరిగినట్టు తీశారు. బాగానే ఉంది కానీ, కెనడీ వాళ్లకు మేనమామ కాదు. నేను మూల నిలబడి 'కనిపించకుండా' గమనిస్తుంటే, అత్త గ్లాసుతో టీ తెచ్చి కెమెరాకు అడ్డంగా నిలబడేది. "పొద్దున్నుంచి ఏటీ తాగలేదే పిల్ల" అని ఊరంతటికీ వినిపించేలా అనేది. మావయ్య మొదటి రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని పెనం దగ్గర కూర్చున్నాడు. పనివాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. ఓ వారం దాకా ఎవరూ మామూలుగా లేరు. నాలుగో రోజో ఐదో రోజో కెమెరా కట్టేసి, నేనూ పిప్పి మోయడం మొదలుపెట్టాను. ఒళ్లంతా దురద. ఆ తర్వాతే వాళ్లు మమ్మల్ని మర్చిపోయారు. కాబట్టి షూటింగ్ బడ్జెట్ వేసేటప్పుడు మొదటి వారం ఫుటేజ్ మీద ఆశ పెట్టుకోకండి. ఆ వారం కెమెరా అద్దె లేకుండా వెళ్లండి, ఫోన్‌తో తీయండి చాలు.

రెండో దెబ్బ శబ్దం. గానుగ మోటారు తిరుగుతుంటే పక్కన మనిషి మాటే వినపడదు. కాలర్ మైక్ పెట్టినా మోటారు హోరే. మాటల్లేని అబ్జర్వేషనల్ సినిమా నలభై నిమిషాలు ఎవరు చూస్తారు? సౌండ్ కుర్రాడు మూడో రోజు రాత్రి ఫుటేజ్ విని హెడ్‌ఫోన్స్ తీసేసి, "అక్కా, మనం మూకీ సినిమా తీస్తున్నాం" అన్నాడు. దాంతో రాత్రిళ్లు ఇంటి దగ్గర మాటలు రికార్డు చేయడం మొదలుపెట్టాం. ఫ్యాన్ కట్టేయాలి, ఫ్రిజ్ ప్లగ్ పీకాలి. మళ్లీ పెట్టడం మర్చిపోకుండా ఉండటానికి నా చెప్పులు ఫ్రిజ్ ముందు పెట్టేదాన్ని. పాకం పట్టే తాతను కుర్చీలో కూర్చోబెట్టి, లైటు పెట్టి అడిగితే కలెక్టర్‌కు అర్జీ ఇస్తున్నట్టు మాట్లాడాడు. మర్నాడు అరుగు మీద కందికాయలు వలుస్తూ ఉంటే పక్కన కూర్చుని రికార్డర్ పెట్టాం. గంటన్నర ఆగకుండా చెప్పాడు. ఉండ పాకం ఎప్పుడొచ్చిందో నీళ్లలో చుక్క వేసి చూసేది కొత్తవాళ్లనీ, తనకు బుడగ చప్పుడే చెప్పేస్తుందనీ అప్పుడే అన్నాడు. ముఖం కనిపించకుండా ఆ గొంతునే పెనం బొమ్మల మీద వాడాం. చూసినవాళ్లు 'భలే స్టైల్' అంటారు. ఆ స్టైల్ పెట్టింది ఐదు హార్స్‌పవర్ మోటారు.

ఇప్పుడు అసలు సీన్. రసం మరుగుతుంటే సున్నపు నీళ్లు వేస్తారు, పైకి తేలిన మడ్డిని చిల్లుల గరిటెతో తీస్తూనే ఉంటారు. పొంగు వస్తే నూనె చుక్కలు చల్లుతారు. రెండు మూడు గంటలకు రసం చిక్కబడి, పెద్ద పెద్ద బుడగలు నెమ్మదిగా పగులుతూ ఉంటాయి. రంగు ముదురు గోధుమ. ఆ దశలో మావయ్య గూట్లోంచి చిన్న డబ్బా తీసి, తెల్లటి పొడి చిటికెడు కాదు, గుప్పెడు వేశాడు. హైడ్రోస్ అంటారు. చూస్తుండగానే రంగు విరిగి, లేత పసుపులోకి తిరిగింది. కెమెరా అతని చేతి మీదే ఉంది. మావయ్య తలెత్తి నేరుగా నా వైపు చూసి, "ఏటే అమ్మలూ, ఇదీ తీసేత్తావేటి?" అన్నాడు.

వాడొద్దని అధికారులు చెప్పే పొడే అది. అందరూ వాడుతున్నారని అందరికీ తెలుసు. నేను ఏమీ అనలేదు, కెమెరా కూడా ఆపలేదు. ఆయనే మళ్లీ అన్నాడు, "రంగు నేపోతే షావుకారు మొకం తిప్పుకుంటాడు. తింటానికి నల్లబెల్లమే బావుంటాది. అమ్మడానికి కాదు." ఆ రాత్రి కెమెరామన్‌తో పెద్ద వాదన. మావయ్య కెమెరాతో మాట్లాడాడు కాబట్టి అబ్జర్వేషనల్ నియమం తెగిపోయింది, ఆ ముక్క తీసేయాలని అతని మాట. 1960 వేసవిలోనే పారిస్‌లో దర్శకుడు జాన్ రూష్, సామాజిక శాస్త్రవేత్త ఎడ్గార్ మొరాన్ దీనికి పూర్తి వ్యతిరేక దారి పట్టారు. కెమెరా ఉందని తెలిశాక మనిషి అనే మాటలోనే అసలు నిజం బయటికొస్తుందని వాళ్ల నమ్మకం. అందుకే వీధిలో జనాన్ని ఆపి ప్రశ్నలడిగారు, తీసింది వాళ్లకే వేసి చూపించి ఆ చర్చను కూడా సినిమాలో పెట్టారు. నాకు ఆ రాత్రి రూష్ పక్షమే సబబు అనిపించింది. మావయ్య ఆ ప్రశ్న అడగకపోతే అది ఒక రైతు దొంగతనంగా కల్తీ చేస్తున్న సీను. అడిగాడు కాబట్టి అది ఒక బేరం కథ.

బేరం కథ అంటే మార్కెట్ చూపించాలి. అనకాపల్లి బెల్లం మార్కెట్ ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు. యార్డులో షూటింగ్‌కి ఒక ఆఫీసులో అనుమతి కావాలన్నారు. కాగితం ఇచ్చాక మూడు వారాలు. ఎవరు సంతకం పెట్టాలో ఎవరికీ తెలియదు. చివరికి 'మేం వద్దనలేదు కదా' అనే అనుమతి దొరికింది. ఫిబ్రవరిలో తీశాం. దిమ్మలు వరసగా పెట్టి ఉంటాయి. కొనే ఆయన నడుస్తూ వెళ్తాడు, ఆగడు, రుచి చూడడు. కంటితో చూసి మొదటి రకం, మూడో రకం అనేస్తాడు. మావయ్య దిమ్మల దగ్గర ఆయన గడిపింది గట్టిగా ఐదారు సెకన్లు. ఆ షాట్‌ను మేం ఎక్కడా కోయలేదు.

మార్చిలో సంస్థవాళ్లు ఫుటేజ్ చూశారు. రెండో విడత రావాలంటే వాళ్లకు నచ్చాలి. మూడు సూచనలు వచ్చాయి. వాయిస్ ఓవర్ కావాలి, డ్రోన్ షాట్లు కావాలి, పూర్వం ఎడ్లతో గానుగ తిప్పేవారు కదా, దాన్ని మళ్లీ తీసి చూపించాలి.

డ్రోన్ సంగతి త్వరగా తేలిపోయింది. విశాఖ విమానాశ్రయం నేవీది. ఎగరేసే ముందు ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో మనం ఉన్న చోటు ఏ రంగులో ఉందో, అంటే అక్కడ డ్రోన్ ఎగరేయనిస్తారో లేదో చూసుకోవాలని డ్రోన్ కుర్రాడు చూశాడు, మా ఊరు వరకు ఫరవాలేదన్నాడు. ఆరు వేలు తీసుకుని చెరకు తోటల మీద తిప్పాడు. పెళ్లి వీడియోలా వచ్చింది. సినిమాలో లేదు.

ఎడ్ల గానుగ మాత్రం గుర్తుండిపోయే అనుభవం. మళ్లీ నటింపజేయడం డాక్యుమెంటరీకి కొత్తేమీ కాదు. 1922లోనే వచ్చిన సినిమా కోసం ఫ్లాహర్టీ అనే అమెరికన్ దర్శకుడు ఆర్కిటిక్‌లో ఎస్కిమో కుటుంబాన్ని తీస్తూ, ఇగ్లూ లోపల వెలుతురు చాలక సగానికి తెరిచి ఉన్న ఇగ్లూ కట్టించాడు. అప్పటికే తుపాకులు వాడుతున్న వాళ్లను బల్లేలతో వేటాడమన్నాడు. అంత పెద్దాయనే చేశాడు, మనమెంత అనుకున్నాను. మావయ్య దొడ్లో తుప్పుపట్టిన పాత ఇనప గానుగ ఉంది. పక్క ఊరి నుంచి ఎడ్ల జత మూడు వేలకు మాట్లాడాం. తాత పంచె కట్టుకుని వచ్చాడు. ఎడ్లు రాలేదు. అంటే వచ్చాయి, కాడి కట్టించుకున్నాయి, కానీ గుండ్రంగా తిరగమంటే తిరగవు. బండికి అలవాటుపడ్డ ఎడ్లు తిన్నగా రోడ్డెక్కాయి, గానుగ మేడి విరిగింది, పిల్లలంతా వాటి వెనక పరుగు. తాత అక్కడే నిలబడి, "అప్పుడు నానే ఎద్దుని. మా అయ్య నన్నే తిప్పీవోడు" అని, తన చిన్నప్పుడు రాత్రిళ్లు ఎడ్ల వెనక నిద్రమత్తులో ఎలా తిరిగేవాడో నడిచి చూపించాడు. కట్ చేయకుండా ఎడ్లు పారిపోవడం దగ్గర్నుంచి తాత నడక వరకు మొత్తం ఉంచాం. రీఎనాక్ట్‌మెంట్ కావాలన్న వాళ్లకు అదే రీఎనాక్ట్‌మెంట్ అని పంపాను. నవ్వారట. రెండో విడత మే నెలలో పడింది.

మధ్యలో ఏప్రిల్ 8న కొత్త అమావాస్య, నూకాలమ్మ జాతర. అందరూ 'విజువల్స్ బాగుంటాయి' అన్నారు. నిజంగానే బాగున్నాయి. బెల్లానికీ వాటికీ సంబంధం లేదు, వాడలేదు.

వేసవిలో ఎడిటింగ్. ఉద్యోగం అయ్యాక రాత్రిళ్లు. నా సినిమా నేనే ఎడిట్ చేసుకోకూడదని వేరే ఆమెను పెట్టుకున్నాను. ఇది మాత్రం ఎవరికైనా గట్టిగా చెప్తాను. మా మావయ్య కాబట్టి నాకు ప్రతి షాటూ ముద్దే. ఆమెకు అతను తెరమీద కనిపించే మనిషి, అంతే. మొదటి కూర్పు రెండున్నర గంటలు పైనే వచ్చింది. మాటలన్నీ కాగితం మీదికి ఎక్కించడానికే నెల పట్టింది. ఉత్తరాంధ్ర మాటను మామూలు ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టలేదు, చేత్తో రాసుకోవాల్సి వచ్చింది.

ఎడిటర్ ఒక మాట అడిగింది. "కెమెరా ఎందుకు ఎప్పుడూ పైనుంచి చూస్తోంది?" మావయ్య, తాత, అందరూ నేల మీద గొంతుక్కూర్చుని పనిచేస్తారు. కెమెరామన్ నిలబడి తీస్తాడు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు చాలా ఏళ్లుగా తమ పొలాలు, విత్తనాల మీద తామే సినిమాలు తీస్తున్నారు. కంటికి కన్ను సమానంగా పెట్టి తీసే షాట్‌ను వాళ్లు సంఘం షాట్ అంటారు. రెండో సీజన్‌కి, 2024 డిసెంబర్‌లో, మేం స్టాండు ఇంట్లో వదిలేసి పీట పట్టుకెళ్లాం. కెమెరామన్ నడుం పట్టేసింది. కానీ పొయ్యి మంట వెలుగు మొహాల మీద పడేది ఆ ఎత్తులోనే అని అప్పుడు తెలిసింది. వాళ్లలాగే మావాళ్ల చేతికీ కెమెరా ఇచ్చి చూద్దామని, మావయ్య కూతురికి ఒక ఫోన్ ఇచ్చి నీకు నచ్చింది తీయమన్నాను. పదో తరగతి పిల్ల. గానుగ తీయలేదు. వాళ్లమ్మ పిప్పి ఎండబెడుతుంటే వెనకాలే తిరుగుతూ తీసింది. అందులో రెండు నిమిషాలు సినిమాలో ఉంది. మేమెంత తంటాలు పడ్డా అత్త అంత మామూలుగా ఎప్పుడూ కనిపించలేదు.

ఆ సీజన్‌లోనే అత్త ఒక రాత్రి వంటింట్లో పెట్టుబడి అప్పు గురించి చెప్పింది. ఎవరి దగ్గర, ఎంతకు, చెవి పోగులు ఎక్కడున్నాయి అన్నీ. కెమెరా ఆన్‌లో ఉందని తనకు తెలుసు. చెబుతూనే బియ్యం ఏరుతోంది, ఒక్కసారి కూడా చెయ్యి ఆగలేదు. ఎడిటర్ ఆ సీన్ చూసి సినిమా దొరికింది అంది. నాకూ అలాగే అనిపించింది.

2025 జూన్‌లో దాదాపు పూర్తయిన కాపీ పట్టుకుని ఊరెళ్లాను. ప్రొజెక్టర్ లేదు, ఇంట్లో టీవీకే పెన్‌డ్రైవ్ పెట్టాం. ఇంటివాళ్లు, తాత, పొత్తుదారు కుటుంబం. మావయ్య తన చొక్కాల గురించి తప్ప ఏమీ అనలేదు. ఎడ్ల సీన్‌ని మూడుసార్లు వేయించుకున్నారు. పొడి సీన్ వచ్చినప్పుడు నాకు చెమటలు పట్టాయి. పొత్తుదారు "మొకం తీసీండి, మాట ఉంచీండి" అన్నాడు. మావయ్య సరే అన్నాడు. ఇప్పుడు సినిమాలో చెయ్యి, పెనం, రంగు మారడం, ఆ ప్రశ్న ఉన్నాయి. ముఖం లేదు.

అత్త అందరి ముందూ ఏమీ అనలేదు. మర్నాడు నేను బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర, "అప్పు సంగతి తీసీవే అమ్మలూ. పిల్లకి సంబంధాలు సూడాల రేపు" అంది. నా దగ్గర సంతకం పెట్టిన అంగీకార పత్రం ఉంది. చట్టప్రకారం నాకేం అడ్డు లేదు. ఎడిటర్ ఫోన్లో అరిచినంత పని చేసింది. ఆ సీన్ లేకపోతే పొడి ఎందుకు వేస్తారో సగమే అర్థమవుతుందని ఆమె వాదన, అందులో నిజం ఉంది. సీన్ తీసేశాం. నేను చూసినంతలో, గమనించే సినిమా అయినా, మాట కలిపే సినిమా అయినా, తీసిన వాళ్లు సాయంత్రానికి రైలెక్కేస్తారు. ఊళ్లో ఉండాల్సింది అత్త.

తీసేసిన చోట పెద్ద గొయ్యి పడింది. దాన్ని పూడ్చడానికి రెండు నెలలు పట్టింది. మార్కెట్ సీన్ ఇటు జరిపి చూశాం, తాత గొంతు అటు జరిపి చూశాం. కుదరలేదు. చివరికి నేను ఏది వద్దనుకుని బయల్దేరానో అదే పెట్టాను, నరేషన్. కాకపోతే నా గొంతు, మావయ్యతో మాట్లాడుతున్నట్టు, నాలుగు చోట్ల మాత్రమే. అందులో ఒకచోట, రంగును బట్టి ధర ఎలా కడతారో, నల్ల దిమ్మకూ పచ్చ దిమ్మకూ తేడా పడితే ఆ ఇంటికి ఏమవుతుందో అర నిమిషంలో చెప్పేశాను. ఎవరి అప్పూ బయటపెట్టకుండా. ఆ అర నిమిషం కోసం మేం ఎనిమిది నిమిషాల అబ్జర్వేషనల్ సీన్ కట్టాలని వారాల తరబడి కుస్తీ పట్టాం.

సంస్థకు విడిగా 26 నిమిషాల వెర్షన్ ఇవ్వాల్సి వచ్చింది. వాళ్లకు మగ గొంతు నరేషన్ కావాలన్నారు. రాసింది నేనే. ఫిల్మ్స్ డివిజన్ 1948లో మొదలైనప్పటి నుంచి దశాబ్దాల పాటు సినిమా హాళ్లలో అసలు బొమ్మకు ముందు వేసిన న్యూస్‌రీళ్ల గొంతు మన అందరి చెవుల్లో ఉంది కదా, దాన్ని తప్పించుకుంటూ రాయడం నేననుకున్న దానికన్నా కష్టమైంది. 'బంగారు వర్ణపు బెల్లం' అని వాళ్లు కలిపిన ముక్కను నేను రెండుసార్లు కొట్టేశాను, మూడోసారి వదిలేశాను. నిజం చెప్పాలంటే మా ఊరి వాళ్లకు ఆ వెర్షనే ఎక్కువ నచ్చింది. "ఇది టీవీలో వచ్చినట్టుంది" అన్నారు, మెచ్చుకోలుగా.

డబ్బు లెక్క. రెండు సీజన్ల కెమెరా, లెన్సుల అద్దె లక్షకు కొంచెం తక్కువ. సౌండ్ నలభై వేలు. రైళ్లు, తిండి, ఆటోలు యాభై వేలు, అదీ మావయ్య ఇంట్లో ఉన్నాం కాబట్టి. ఎడిటర్‌కు అరవై వేలు, ఆమె పనికి అది తక్కువే. స్టూడియోలో సౌండ్ మిక్సింగ్ ముప్పై ఐదు, కలర్ పాతిక, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పన్నెండు. రెండు హార్డ్ డిస్కులు ఇరవై వేలు. ఒకదాని మీదే ఉంచుకోకండి, మా దాంట్లో ఒకటి ఆగస్టులో చచ్చిపోయింది, రెండోది లేకపోతే ఈ రాత ఉండేది కాదు. ఫెస్టివల్ ఫీజులు పద్దెనిమిది వేలు దాకా. చిల్లరమల్లర కలుపుకుంటే మూడున్నర లక్షలు దాటింది. వచ్చింది లక్షా అరవై వేలు. మూడో విడత నలభై వేలు ఇంకా 'ప్రాసెస్'లో ఉంది.

ఫెస్టివల్స్ నుంచి ఎక్కువగా మర్యాదపూర్వకమైన తిరస్కారాలే వచ్చాయి, కారణం ఎవరూ చెప్పరు. ఒకచోట తీసుకున్నారు. టికెట్ పెట్టి హాల్లో వేయాలంటే మాత్రం డాక్యుమెంటరీకైనా సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి. ఆ కాగితాలు ఇప్పుడు సర్దుతున్నాను. అంగీకార పత్రం కూడా మార్చాను. పాతది ఇంటర్నెట్‌లో దొరికిన ఇంగ్లిష్ కాగితానికి తెలుగు, చదివితే భూమి రిజిస్ట్రేషన్‌లా ఉంటుంది. కొత్తది అర పేజీ. 'సినిమా పూర్తయ్యే ముందు మీకు చూపిస్తాం. మీ గురించి ఉన్న ఏ ముక్కైనా వద్దంటే తీసేస్తాం' అన్న రెండు వాక్యాలు పైనే ఉంటాయి. తెలిసిన నిర్మాత ఒకాయన ఇది చూసి, ఇలా రాస్తే ఏ చానలూ నీకు డబ్బులివ్వదన్నాడు. ఇవ్వకపోవచ్చు.

మావయ్య వచ్చే సంక్రాంతికి ఊళ్లో రామాలయం దగ్గర తెర కట్టి వేయమంటున్నాడు. నా 52 నిమిషాలదా, సంస్థకిచ్చిన 26 నిమిషాలదా అన్నది ఇంకా తేలలేదు. అత్త మాత్రం ఏది వేసినా ముందు తనకు ఇంకోసారి చూపించాలంది. డిసెంబర్‌లో పెన్‌డ్రైవ్ పట్టుకుని వెళ్తున్నాను.